పిల్లల పేరుతో కమిటీలు - సీసా మీద అధికారం ఎవరిది?

ఈ మధ్య కల్లూరులో ఒక సమావేశానికి నన్ను పిలిచారు. బడి ఆవరణలో షామియానా వేశారు. ముందు వరసల్లో కుర్చీలు, వెనక పట్టాల మీద పొదుపు సంఘాల ఆడవాళ్లు. పిల్లలను మద్యం, మత్తుపదార్థాల నుంచి కాపాడటానికి అందరూ చేతులు కలపాలని బ్యానరు మీద రాసి ఉంది. వేదిక మీద తొమ్మిది మంది ఉన్నారు. వాళ్లలో ఆడమనిషి ఒక్కతే, అదీ జ్యోతి వెలిగించడానికి పిలిచిన మనిషి. తల్లులు పిల్లలకు సెల్‌ఫోన్లు ఇచ్చేసి సీరియళ్లు చూస్తూ కూర్చుంటున్నారని ముగ్గురు వక్తలు ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. పొద్దున ఆరింటికి పనికి పోయి చీకటి పడ్డాక ఇల్లు చేరే ఆడవాళ్లు పట్టాల మీద కూర్చుని ఆ మాటలు విన్నారు. చివర్లో, బ్యానర్లకూ మజ్జిగ ప్యాకెట్లకూ డబ్బిచ్చిన దాతకు శాలువా కప్పారు. ఆ పెద్దమనిషికి రెండు మద్యం దుకాణాల్లో వాటా ఉందని నా పక్కనున్నామె చెవిలో చెప్పింది. తర్వాత విచారిస్తే వేదిక మీద ఆ సంగతి తెలియని వాళ్లెవరూ లేరని తేలింది.

ఆ రోజే ఒక కమిటీ వేశారు. దానికి ‘కమ్యూనిటీ కోయలిషన్’ అని పేరు పెట్టారు. ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే మీకు వేరే చెప్పక్కర్లేదు. (తెలుగులో కూటమి అందామంటే మన రాష్ట్రంలో ఎన్నికల కూటములే గుర్తొస్తాయి.) నన్ను సలహాదారుగా ఉండమన్నారు. ఉండనన్నాను. ఎందుకో చెప్పే అవకాశం అక్కడ ఇవ్వలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

సమస్య లేదని నేననడం లేదు. హంద్రీ ఒడ్డున, కర్నూలు నగరంలో కలిసిపోయిన కల్లూరు నేను పుట్టి పెరిగిన ఊరు. ఒకపక్క ఎస్టేటు, మరోపక్క హైదరాబాదు నుంచి బెంగళూరు పోయే జాతీయ రహదారి. బడి మానేసిన పిల్లవాడికి మెకానిక్ షెడ్డులోనో, హోటల్లోనో, లారీ మీదనో పని దొరుకుతుంది. ఆ పని దొరికిన చోటే క్వార్టరూ, గంజాయి పొట్లమూ దొరుకుతాయి. జిల్లా పడమటి మండలాల నుంచి మిరపకోతలకు గుంటూరు వైపు వలసపోయే కుటుంబాలు పిల్లలను ముసలివాళ్ల దగ్గర వదిలి పోతాయి. నెలల తరబడి ఆ పిల్లలను అడిగే దిక్కుండదు. పెద్దల అజమాయిషీ లేక పిల్లలు చెడిపోతున్నారని వేదికల మీద చెప్పేవాళ్లు, ఆ పెద్దలు ఊళ్లో ఎందుకు లేరన్న ప్రశ్న మాత్రం వెయ్యరు.

దేశవ్యాప్తంగా కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వశాఖ ఎయిమ్స్ వైద్యులతో చేయించిన సర్వే 2019లో వెలువడింది. మిగతా మత్తులన్నీ పిల్లల్లో కంటే పెద్దల్లోనే ఎక్కువగా కనిపించాయి. వాసన పీల్చే పదార్థాలు, అంటే పంచరు సొల్యూషను, వైట్‌నరు లాంటివి మాత్రం పిల్లల్లోనే ఎక్కువ. పెద్దల్లో 0.58 శాతమైతే పది నుంచి పదిహేడేళ్ల పిల్లల్లో 1.17 శాతం. వాటికి బానిసలై, లేదా హాని కలిగే స్థాయికి చేరి, సాయం అవసరమైన పిల్లలు దేశంలో 4.6 లక్షల మంది ఉంటారని అంచనా వేశారు. క్వార్టరు కొనే డబ్బు లేని పిల్లవాడు పీల్చే మత్తు ఇది. ఎస్టేటులో కూలికి పోయే ఒకామె నాతో అన్నది: ‘‘వానికి పదమూడేండ్లు అక్కా. సొల్యూషను గుడ్డలో పోసుకొని పీలుస్తాండాడు. సారు కాడికి పోతే నీ పెంపకం సరిగ లేదన్నాడు. సరే, నాదే తప్పనుకో. వాని చేతికి ఆ డబ్బా అమ్మినోన్ని ఎవురూ ఏమీ అనరా?’’

ఆమె ప్రశ్నకు సమాధానం చట్టంలో ఉంది. 2015 బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ ప్రకారం, వైద్యుడు చెబితే తప్ప, పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకు మద్యం గానీ మత్తుపదార్థం గానీ పొగాకు గానీ ఇచ్చినవాళ్లకు ఏడేళ్ల వరకు కఠిన జైలుశిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా పడుతుంది. మత్తును అమ్మడానికో మోయడానికో పిల్లలను వాడుకుంటే 78వ సెక్షన్ కింద అంతే శిక్ష. మన రాష్ట్రంలో మద్యం కొనడానికి కనీసం ఇరవై ఒక్క ఏళ్లుండాలి. ఆ సమావేశంలో రెండు గంటలసేపు ఉపన్యాసాలు విన్నాను. ఈ సెక్షన్ల పేరెత్తినవాళ్లు లేరు. మాటలన్నీ తల్లి గురించి, పిల్లవాడి గురించి. మూడోవాడు, అంటే అమ్మేవాడు, ఆ కథలోనే లేడు. బహుశా శాలువా కప్పించుకునే పనిలో ఉన్నాడు.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. మా నాన్నకు సారా ప్యాకెట్ తెచ్చిపెట్టేది మా అన్న. వాడికప్పుడు తొమ్మిదేళ్లు. 1980లలో ప్రభుత్వమే ‘వారుణి వాహిని’ అని పేరుపెట్టి సారాను ప్లాస్టిక్ ప్యాకెట్లలో ఊరూరికీ చేర్చిన కాలమది. ప్యాకెట్ పిల్లల చేతికి సరిగ్గా సరిపోతుంది. సీసాలాగా జారి పగలదు, లాగు జేబులో పడుతుంది. దారిలో మూల కొరికి రెండు చుక్కలు నాకేవాణ్ణని పెద్దయ్యాక వాడే నాతో నవ్వుతూ చెప్పాడు. పదిహేనేళ్లకల్లా తాగడం అలవాటైంది. 2015లో, ముప్పై ఎనిమిదేళ్ల వయసులో, కాలేయం చెడి చనిపోయాడు. వాణ్ణి కొట్టుకు పంపించమన్నది నాన్నే అయినా మా అమ్మ ఈనాటికీ ఆ మాట అనదు. ‘‘నేనే పంపిస్తి’’ అంటుంది. నాన్న అరవకుండా, చెయ్యి చేసుకోకుండా ఉండాలని కొడుకు చేతిలో డబ్బులు పెట్టింది ఆవిడే. వేదిక మీద ‘తల్లులదే బాధ్యత’ అని వక్తలు చెబుతుంటే నాకు మా అమ్మ గుర్తొచ్చింది. ఆ బాధ్యతను ఆవిడ పదేళ్లుగా మోస్తూనే ఉంది. ఆ ప్యాకెట్ తయారు చేయించి, పన్ను వసూలు చేసుకుని, మా వీధికి పంపిన ప్రభుత్వం మాత్రం ఒక్కరోజు కూడా మొయ్యలేదు.

సారా వ్యతిరేక ఉద్యమం వచ్చినప్పుడు నాకు పదమూడేళ్లు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు, వాచకంలోని సీతమ్మ కథను తమ కథగా చదువుకుని సారా కొట్టు మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా మారుమోగింది. ఆడవాళ్లు సారా వేలంపాటలను అడ్డుకున్నారు. ఉద్యమం జిల్లాలు దాటి రాయలసీమకూ పాకింది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలోనూ, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డిది మా కర్నూలు జిల్లాయే. 1995 జనవరి 16 నుంచి ఎన్టీ రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం అమలు చేసింది. 1997లో చంద్రబాబునాయుడు ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. ఈ చరిత్ర మనకందరికీ తెలిసిందే.

ఉద్యమం మీద మాలాంటి పరిశోధకులం ఎన్నో పేజీలు రాశాం. భర్త కూలి డబ్బులు ఎటు పోయాయో రాశాం. భార్య ఒంటిమీది దెబ్బలు లెక్కపెట్టాం. సారా కాంట్రాక్టర్లకూ రాజకీయాలకూ ఉన్న బంధాన్ని విప్పి చూపాం. ఇదంతా అవసరమే. కానీ కొట్టుకు వెళ్లి ప్యాకెట్ తెచ్చిన పిల్లవాడు ఏమయ్యాడని మనం అడగలేదు. మన విశ్లేషణలో తాగుడు అంటే మొగుడి తాగుడు. పిల్లలు బాధితులుగానో, ఆకలితో ఏడ్చేవాళ్లుగానో కనిపించారు. తాగడం నేర్చుకుంటున్నవాళ్లుగా కనిపించలేదు. నా పిహెచ్.డి. పరిశోధనలో కూడా మా అన్న లేడు. ఈ విమర్శ ముందు నాకే వర్తిస్తుంది.

ఉద్యమం చల్లారాక ఏం జరిగిందో కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. సారా కొట్టు ముందు కూర్చున్న ఆడవాళ్లను ప్రభుత్వం పాసుపుస్తకం చేతికిచ్చి బ్యాంకు ముందు కూర్చోబెట్టింది. నెల్లూరులో ‘పొదుపు లక్ష్మి’తో మొదలై, డ్వాక్రా సంఘాలుగా రాష్ట్రమంతా విస్తరించింది. పొదుపు వల్ల మేలు జరగలేదని నేననను. వడ్డీవ్యాపారి గడప తొక్కకుండా ఆపరేషను చేయించుకున్న ఆడవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. అయితే అప్పటి నుంచి ప్రభుత్వానికి ఆడవాళ్ల గుంపు కావలసినప్పుడల్లా సంఘం లీడరుకు కబురు వెళ్తుంది. రాకపోతే లోను ఆగుతుందేమోనని భయం. అలా వచ్చినవాళ్లే ఆ రోజు పట్టాల మీద కూర్చున్నారు. దాన్ని ప్రజల భాగస్వామ్యం అని నివేదికలో రాస్తారు.

సరే, ప్రభుత్వాల సంగతి చూద్దాం. 2019లో దశలవారీ నిషేధం అన్న హామీతో వచ్చిన ప్రభుత్వం ఆ ఏడాది అక్టోబరు నుంచి దుకాణాలను తన చేతిలోకి తీసుకుంది. 2020 మేలో ధరలను రెండు దఫాలుగా కలిపి 75 శాతం పెంచింది. ధర పెరిగితే తాగుడు తగ్గుతుందన్నది అబద్ధం కాదు, ప్రపంచమంతా రుజువైన విషయమే. కానీ తుంగభద్ర దాటితే తెలంగాణ, ఇటు పోతే కర్ణాటక. సరిహద్దు జిల్లా మాది. అవతలి సరుకు ఇటు రావడం మొదలైంది. పంచలింగాల చెక్‌పోస్టులో పట్టుబడిన సీసాల ఫొటోలు ఎన్నిసార్లు పేపర్లో చూశామో! ఆ రోజుల్లో మా ఏరియాలో మోటారుసైకిల్ నడపడం వచ్చిన కుర్రాడికి సీసాల సంచీ మొయ్యడం ఒక ఉపాధి అయింది. ప్రకాశం జిల్లా కురిచేడులో అదే ఏడాది శానిటైజరు తాగి మనుషులు చనిపోయారు. 2024లో ప్రభుత్వం మారింది, విధానమూ మారింది. 3,396 దుకాణాలు మళ్లీ ప్రైవేటుకు వెళ్లాయి. సుమారు తొంభై వేల దరఖాస్తులు వచ్చాయి. ఒక్కో దరఖాస్తుకు తిరిగి రాని ఫీజు రెండు లక్షలు. అంటే ఒక్క సీసా అమ్మకముందే దాదాపు 1,800 కోట్లు ఖజానాకు చేరాయి. తొంభై తొమ్మిది రూపాయలకే క్వార్టరు ఇవ్వడం ఆ కొత్త విధానంలో గొప్పగా ప్రచారం చేసుకున్న అంశం.

ఏ పార్టీ మంచిది, ఏది చెడ్డది అన్న తగువు నాకు వద్దు. దుకాణం ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, అది ఎక్కడ ఉండాలో, ఎన్ని గంటలు తెరవాలో, అసలు ఉండాలో వద్దో చెప్పే హక్కు ఆ వీధి ఆడవాళ్లకు ఈ ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా రాలేదు. నా పోట్లాట దాని గురించి.

ఆ హక్కు ఇవ్వడం అసాధ్యమేమీ కాదు. మహారాష్ట్రలో ఒక గ్రామంలో గానీ వార్డులో గానీ మహిళా ఓటర్లలో 25 శాతం మంది సంతకాలు చేసి ఇస్తే, అధికారులు వాటిని సరిచూసి రహస్య ఓటింగు పెట్టాలి. బ్యాలెట్ మీద రెండు గుర్తులుంటాయి. నిలబడిన సీసా, పడుకున్న సీసా. మొత్తం ఓటర్లలో సగానికి మించి పడుకున్న సీసాకు ఓటేస్తే దుకాణం మూసెయ్యాలి. ఆ షరతు కఠినమైనదే. ఓటింగుకు రానివాళ్లు కూడా దుకాణం పక్షాన లెక్కకొస్తారు. సంతకాలు సరిపోలేదని తిప్పి పంపడాలూ ఉంటాయి. అయినా అక్కడి ఆడవాళ్లు అలా దుకాణాలు మూయించారు. మన దగ్గర షెడ్యూల్డ్ ప్రాంతాల గ్రామసభలకు 1996 పెసా చట్టం మద్యాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం ఇచ్చింది. అమలు సంగతి వేరు, కాగితం మీదైనా ఉంది. కల్లూరు లాంటి పట్టణ వార్డుకు అదీ లేదు. పైగా 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు జాతీయ, రాష్ట్ర రహదారుల పక్కన 500 మీటర్ల లోపు మద్యం దుకాణాలు ఉండకూడదని తీర్పిస్తే, మరుసటి ఏడాది వివరణ ఇస్తూ మునిసిపల్ పరిధిలోని దుకాణాలకు ఆ తీర్పు అడ్డురాదని చెప్పింది. నగరంలో కలవడం వల్ల మా ఊరికి ఒరిగినవాటిలో ఇదొకటి.

కమిటీ వాళ్లు ఐస్‌లాండ్ అనుభవాన్ని ప్రస్తావించారు. అక్కడ 1998లో పదిహేను, పదహారేళ్ల పిల్లల్లో నూటికి 42 మంది గడిచిన నెలలో తాగి మత్తెక్కామని చెప్పారు. 2016 నాటికి ఆ సంఖ్య నూటికి 5 అయింది. ఊరంతా కలిసి ఆటస్థలాలు, సంగీతం, తల్లిదండ్రుల గస్తీ ఏర్పాటు చేసుకోవడం వల్ల ఇది సాధ్యమైందని మనవాళ్లు చెప్పారు. నిజమే. కానీ సగమే చెప్పారు. ఆ దేశంలో మద్యం చిల్లర అమ్మకం ఆ ఏళ్లలో ప్రభుత్వ దుకాణాల్లోనే ఉండేది. ఇరవై ఏళ్లు నిండనివాళ్లకు అమ్మరు. మద్యం ప్రకటనలు నిషిద్ధం. పిల్లల క్లబ్బు ఫీజులకు స్థానిక ప్రభుత్వాలు డబ్బిచ్చాయి. తల్లిదండ్రులు రాత్రి వీధుల్లో తిరిగారంటే వాళ్లకు తిరిగే తీరిక ఉంది. రెండు షిఫ్టులు చేసే ఆడమనిషిని రాత్రి గస్తీకి రమ్మనే ముందు ఆమె కూలి గంటల గురించి మాట్లాడాలి. ఇవన్నీ వదిలేసి కబడ్డీ పోటీ పెట్టి, దాని టీషర్టు మీద సోడా పేరుతో ఒక మద్యం కంపెనీ బొమ్మ వేసుకుంటే అది ఐస్‌లాండ్ ఎట్లా అవుతుంది?

అందుకే నా షరతులు చెప్పాను. అమ్మకంలో వాటా ఉన్న మనిషి కమిటీలోనూ ఉండకూడదు, దాతల్లోనూ ఉండకూడదు. ఆడవాళ్లు సగానికి తగ్గకూడదు. వాళ్లు సంఘం లీడరు పంపితే వచ్చినవాళ్లు కాకుండా వీధి వాళ్లు ఎన్నుకున్నవాళ్లై ఉండాలి. ఎక్సైజు వాళ్లు, పోలీసులు పిలిస్తే వచ్చి జవాబు చెప్పాలి, అధ్యక్షత వహించకూడదు. నెలకోసారి 77, 78 సెక్షన్ల కింద ఎన్ని కేసులు పెట్టారో బహిరంగంగా చెప్పాలి. బడికి 100 మీటర్ల లోపల దుకాణం ఉండకూడదన్న నిబంధనకు టేపు పట్టుకుని కొలుస్తారు, బాగానే ఉంది. మరి బడి గోడకు ఆనుకున్న బెల్టుషాపుకు ఎవరూ టేపు పట్టరు. రికార్డుల్లో అది లేదు కదా!

పిల్లవాడి విషయం ఇంకా జాగ్రత్తగా చూడాలి. 1992లో తాగుబోతులకు గుండు గీసి ఊరేగించడం ఉద్యమంలో ఒక పద్ధతిగా ఉండేది. అది విని నవ్వుకున్నాం, మెచ్చుకున్నాం. పదిహేనేళ్ల పిల్లవాడి మీద అది పనికిరాదు. ఈ కమిటీ మొదటి తీర్మానం ఏమిటో తెలుసా? ‘మత్తుకు అలవాటుపడిన విద్యార్థుల జాబితా’ తయారు చెయ్యడం. ఆ జాబితాలో ఏ వాడల పిల్లలుంటారో చూడకుండానే చెప్పగలను. ఇంజనీరింగు కాలేజీ పిల్లల కార్ల డిక్కీలు ఎవరూ తెరవరు. దళితవాడ కుర్రాడి జేబులు తడుముతారు. బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదంటోంది. మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షన్ ప్రకారం, అలవాటుపడిన మనిషి తనంతట తాను చికిత్సకు వస్తే, సొంత వాడకానికి సంబంధించిన, లేదా కొద్ది మోతాదు సరుకుకు సంబంధించిన నేరానికి ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఉంది. జాబితా రాస్తే ఏ పిల్లవాడు చికిత్సకు వస్తాడు? ఏ తల్లి నోరు విప్పుతుంది?

ఆడపిల్లల మాట వేదిక మీద ఒక్కసారే వచ్చింది, ‘ఆడపిల్లలు కూడా తాగుతున్నారు’ అన్న నిట్టూర్పుగా. బడి దారిలో దుకాణం పెట్టాక ఆ దారిన నడవలేక తొమ్మిదో తరగతిలో ఆగిపోయిన పిల్లల మాట రాలేదు. బడి మానేసిన పిల్లను ఇంట్లో ఎన్నాళ్లు ఉంచుతారు? ‘కాలం బాగలేదు’ అని పదహారేళ్లకే పెళ్లి చేస్తారు. అబ్బాయిల మత్తు గురించి లెక్కలు తీసేవాళ్లు దానికి అమ్మాయిలు కట్టే మూల్యాన్ని బాల్యవివాహాల ఖాతాలో వేరే శాఖ కింద రాస్తారు.

నా షరతులు విని కమిటీ వాళ్లు మర్యాదగానే, ఆచరణలో కష్టం మేడం అన్నారు.

తర్వాత వారం రాత్రి ఎనిమిదిన్నరకు, పనుల నుంచి వచ్చాక, పదకొండు మంది ఆడవాళ్లం ఒకరింట్లో కూర్చున్నాం. బ్యానరు లేదు. పిల్లలకు ఎక్కడెక్కడ, ఏ వేళప్పుడు, ఎవరు అమ్ముతున్నారో రాద్దామనుకున్నాం. పిల్లల పేర్లు వద్దు, అమ్మేవాళ్ల పేర్లే. నోటుపుస్తకం తెరవగానే ఒక చిన్నామె తల దించుకుంది. ‘‘మా అత్త ఇంట్లో పెట్టుకొని అమ్ముతాది అక్కా. మామ పోయినాంక అదే బతుకుదెరువు. ఆమె పేరు గూడ రాయాల్నా?’’ అంది. బెల్టుషాపు నడిపేవాళ్లలో ఇలాంటి ఒంటరి ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. దీనికి మా దగ్గర సిద్ధంగా జవాబేమీ లేదు. గంటసేపు తర్జనభర్జన పడ్డాం. ఒకామె రాయాల్సిందే అంది, ఒకామె ఏడ్చింది. చివరికి ఆ చిన్నామే పుస్తకం తన వైపు లాక్కుని అత్త పేరు రాసింది. దాని కింద, ఆమెకు రోజూ పొద్దున సరుకు దింపే దుకాణం పేరు, తెచ్చే ఆటో నంబరు రాసింది. సంఘం లోనులో ముందు అత్తకు కుట్టుమిషనో, టిఫిను బండో ఇప్పించాలని, అది తేలేదాకా ఆటో నంబరు మీదే ఫిర్యాదు పెట్టాలని అనుకున్నాం. ఫిర్యాదు మీద ఇప్పటికి తొమ్మిది సంతకాలయ్యాయి.